గుడ్డు మీద వేలిముద్రలు

పోయిన అక్టోబర్ 15న మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఫోటోలు వస్తూనే ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే సీను, యూనిఫాం వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి గాల్లో చేతులు రుద్దుకుంటున్నారు, వెనకాల గోడకి చార్టు, పక్కన టీచరు. గ్లోబల్ హ్యాండ్ వాషింగ్ డే కదా, 2008 నుంచి ఏటా జరుగుతోంది, మేమూ చేశాం, నేనూ ఫోటో పెట్టాను. ఆ ఫోటోలో నీళ్ళు లేవు, సబ్బూ లేదు. పిల్లలు మాత్రం ఒక్క స్టెప్పు కూడా తప్పు పోలేదు. అరచేతులు, చేతి వెనక, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు, మణికట్టు, అన్నీ పాటతో సహా చేసి చూపించారు.

తర్వాత గంటన్నరకి లంచ్ బెల్ కొట్టాం. ఆ రోజు మెనూలో గుడ్డు ఉంది. నేను వడ్డన దగ్గరే నిలబడి ఉన్నాను, రెండో తరగతి పిల్లాడొకడు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గుడ్డు పెంకు తీస్తున్నాడు. వాడు ఎప్పుడూ చాలా నిదానంగా తీస్తాడు, పెంకు చిన్న ముక్క కూడా మిగలనివ్వడు. మొత్తం ఒలిచేసరికి తెల్లటి గుడ్డు మీద నల్లగా వాడి వేలిముద్రలు పడ్డాయి, ఒకవైపు బొటనవేలు, ఇంకోవైపు చూపుడు వేలు, మధ్య వేలు, వేలి మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. వాడు దాని వంక ఒక్క క్షణం చూశాడు, చొక్కాకి తుడిచాడు, తినేశాడు. పొద్దున అందరి ముందు నిలబడి పాట పాడించింది వాడే.

నేను పదహారేళ్ళుగా ప్రైమరీ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాల వైపు చిన్న బడి, ఇద్దరం టీచర్లం, నలభై ముగ్గురు పిల్లలు. ఇన్నేళ్ళలో చేతులు కడుక్కోండి అని ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. ఆ గుడ్డు చూశాక నాకు ఒక విషయం గట్టిగా అర్థమైంది, పిల్లలకి చేతులు కడుక్కోవడం నేర్పక్కర్లేదు. వాళ్ళకి వచ్చు. లేనిదల్లా సబ్బు, అందే ఎత్తులో కొళాయి, కడుక్కునేంత టైము, ఆ లైన్లో వాళ్ళతో పాటు నిలబడే పెద్దవాళ్ళు. ఇవి ఏర్పాటు చెయ్యాల్సింది మనం, మనం ఆ పని వదిలేసి పాఠం చెప్తున్నాం. ఈ మాట టీచర్ల మీద కోపంతో అనట్లేదు, నేనూ టీచర్నే, నేనూ అదే చేశాను.

తినకముందు తడుపుతాం, తిన్నాక కడుగుతాం

మన ఇళ్ళల్లో ఎలా కడుక్కుంటామో ఒక్కసారి గమనించండి. భోజనానికి పిలిచేటప్పుడు మనం "చేతులు కడుక్కోండి, వడ్డించేస్తా" అంటాం, అంటే అన్నానికి పిలుపే చేతులు కడుక్కోమని. కానీ ఆ కడుక్కోవడం ఎంతసేపు? కంచం పక్కన చెంబుతో కుడి చేతి వేళ్ళ మీద ఇన్ని నీళ్ళు పోసుకుంటాం, విదిలిస్తాం, అయిపోయింది. అదే తిన్నాక చూడండి, జిడ్డు పోవాలి, పులుసు వాసన పోవాలి, ఎంగిలి చెయ్యి కాబట్టి దేన్నీ ముట్టుకోకూడదు, సింకు దగ్గర నిలబడి సబ్బు పెట్టి మరీ కడుగుతాం. ఎంగిలి గురించి మనకి చిన్నప్పటి నుంచీ ఎంత పట్టింపో! ఆ పట్టింపు అంతా తిన్న తర్వాత చేతికే. తినబోయే చెయ్యి మట్టి అంటుకుని కనిపిస్తే తప్ప శుభ్రంగానే ఉన్నట్టు లెక్క.

పిల్లలు మన పాటలు చూసి కాదు మన చేతులు చూసి నేర్చుకుంటారు. మా బడిలో పిల్లలు కూడా సరిగ్గా ఇదే చేస్తారు, తిన్నాక కొళాయి దగ్గర పళ్ళెం, చెయ్యి రెండూ తోముకునే దాకా కదలరు, తినకముందు మాత్రం నాలుగు వేళ్ళ కొసలు తడి చేసుకుని పరిగెత్తుకొస్తారు. నేనూ అంతే చేసేదాన్ని. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ స్టాఫ్ రూంలో విప్పుకునేదాన్ని, చెయ్యి కడుక్కున్నది బాటిల్ నీళ్ళతో కిటికీలోంచి. పిల్లలు ఆ కిటికీ ఎదురుగానే తినేవాళ్ళు.

మా అమ్మమ్మ బయట నుంచి ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కోకుండా గడప దాటనిచ్చేది కాదు, వాకిట్లో ఎప్పుడూ తొట్టి, చెంబు ఉండేవి. అది ఎవరూ నాకు పాఠంగా చెప్పలేదు, సూక్ష్మక్రిముల గురించి ఆమెకి తెలీదు కూడా, నీళ్ళు అడుగు పెట్టే దారిలోనే ఉండేవి కాబట్టి కడుక్కునేవాళ్ళం, అంతే. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం కిటుకు అక్కడే ఉంది అనిపిస్తుంది.

మన జిల్లాలోనే జరిగిన ఒక పరిశీలన

క్రిముల గురించి చెప్తే జనం మారరు అనేది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. సూపర్ అమ్మ అనే ప్రచారం ఒకటి మన చిత్తూరు జిల్లాలోనే పద్నాలుగు ఊళ్ళల్లో చేసి చూశారు, దాని ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందులో వాళ్ళు రోగాల భయం పెట్టలేదు, బిడ్డని మంచి మనిషిగా పెంచాలనుకునే అమ్మ కథ చెప్పారు, మురికి అంటే రోత పుట్టేలా స్కిట్లు వేశారు. మొదట్లో సబ్బుతో కడగాల్సిన సందర్భాల్లో నిజంగా కడిగింది నూటికి ఒక్కసారి. మీరు చదివింది కరెక్టే, 1 శాతం. ఆరు నెలల తర్వాత చూస్తే ప్రచారం జరిగిన ఊళ్ళల్లో 37 శాతం, జరగని ఊళ్ళల్లో 6 శాతం. అడిగి రాసుకున్న లెక్కలు కావు ఇవి, ఇళ్ళల్లో కూర్చుని కళ్ళతో చూసి రాసుకున్నవి. అడిగితే అందరూ కడుక్కుంటామనే అంటారు కదా, మా పిల్లలూ అంతే, "అందరూ కడుక్కున్నారా" అంటే "కడుక్కున్నాం టీచర్" అని నలభై మూడు గొంతులు ఒకేసారి.

ఇంకోటి బంగ్లాదేశ్‌లో రెండు ప్రైమరీ స్కూళ్ళల్లో చేశారు, నన్ను బాగా కదిలించింది ఇది. అక్కడ పాఠం లేదు, పాట లేదు, చార్టు లేదు. టాయిలెట్ నుంచి చేతులు కడిగే చోటు దాకా రంగు వేసిన బాట, దాని మీద అడుగుల బొమ్మలు, కడిగే చోట అరచేతుల బొమ్మలు, అంతే. టాయిలెట్‌కి వెళ్ళొచ్చి సబ్బుతో కడుక్కునే పిల్లలు అంతకుముందు 4 శాతం, ఆరు వారాల తర్వాత చూస్తే 74 శాతం. ఒక్క మాట చెప్పకుండా!

మీలో కొందరికి ఈపాటికే డౌటు వచ్చి ఉంటుంది, రెండు స్కూళ్ళు చూసి ఏం తేలుస్తాం అని. నిజమే, చాలా చిన్న పరిశీలన. మన జిల్లా లెక్కలో కూడా 37 అంటే మిగతా 63 సార్లు కడుక్కోనట్టే కదా. నేను వీటిని మంత్రాల్లాగా చూపించట్లేదు. కానీ రెండింట్లోనూ పని చేసింది పాఠం కాదు అన్నది మాత్రం నాకు ముఖ్యం.

కాకి ఎత్తుకెళ్ళిన సబ్బు

అక్టోబర్ అయ్యాక నేనూ, మా సారూ కూర్చుని మాట్లాడుకున్నాం. బడిలో సబ్బు ఎందుకు ఉండట్లేదు? పెడుతున్నాం, పోతోంది. ఏ బడిలో అడిగినా ఇదే మాట, పెడితే పిల్లలు ఎత్తుకెళ్ళిపోతారండీ అని. మేమూ అదే నమ్మాం, ఒకసారి ప్రేయర్‌లో అందర్నీ నిలబెట్టి అడిగాను కూడా, ఎవరూ ఒప్పుకోలేదు, నేను గట్టిగానే కోప్పడ్డాను. ఆ తర్వాత వారం అనుకుంటా, వంటమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి "మేడమ్, దొంగ దొరికింది రండి" అని గోడ వెనక్కి తీసుకెళ్ళింది. కాకి. కొళాయి దిమ్మ మీద పెట్టిన సబ్బు ముక్కని ముక్కున కరుచుకుని వేపచెట్టు మీదకి పోతోంది. చెట్టు కింద వెతికితే పొడిచి పొడిచి వదిలేసిన ముక్కలు మూడు దొరికాయి. పల్లెటూళ్ళో పెరిగిన దాన్ని, కాకులు సబ్బు ఎత్తుకెళ్తాయని నాకు తెలీదా? తెలుసు. అయినా పిల్లల్నే అనుమానించాను. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందూ సారీ చెప్పాను, చెప్పాలి కదా.

అన్ని సబ్బులూ కాకే తీసుకెళ్ళలేదు, అది కూడా చెప్పాలి. నాలుగో తరగతి అమ్మాయి ఒకసారి సగం సబ్బు లంగా ముడిలో పెట్టుకుని వెళ్తుంటే నేనే చూశాను. ఏమీ అనలేదు, సాయంత్రం పక్కకి పిలిచి అడిగితే "తమ్ముడికి టీచర్" అంది. అంగన్‌వాడీకి వెళ్తాడు తమ్ముడు. ఇంట్లో సబ్బు లేక కాదు, స్నానం సబ్బు ఉంది, అది పొద్దున స్నానాలయ్యాక అమ్మ పైన పెట్టేస్తుంది, చేతులు కడగడానికి అరగదీస్తే తిడుతుంది. ఆ తల్లిని నేను తప్పు పట్టలేను, కూలికెళ్తేనే గడిచే ఇల్లు, సబ్బు బిళ్ళ ఇన్ని రోజులు రావాలి అని లెక్క ఉంటుంది. కానీ ఆ ఎనిమిదేళ్ళ పిల్లకి నా పాఠం అందింది అనేగా అర్థం, తమ్ముడి చేతులు కూడా కడగాలి అనుకుంది. దాన్ని దొంగతనం అందామా?

ఉల్లిపాయలు వచ్చే ఎర్ర నెట్ సంచులు ఉంటాయి కదా, వంటమ్మ దగ్గర బోలెడున్నాయి, వాటిని కత్తిరించి అందులో సబ్బు వేసి మూతి కట్టి కొళాయి పైపుకి వేలాడదీశాం. కాకికి దొరకదు, కింద పడదు, నీళ్ళల్లో నానదు, నెట్ మీదే రుద్దుకుంటే నురగ బాగా వస్తుంది. చిన్నపిల్లలకి ఆ నురగ కోసమే కడుక్కోవాలనిపిస్తుంది. పది రూపాయల మామూలు సబ్బే. యాంటీ బ్యాక్టీరియల్ అని రాసి ఉన్నవే కొనక్కర్లేదు. కరాచీ మురికివాడల్లో సబ్బులు పంచి వారం వారం ఇళ్ళకెళ్ళి చూసిన పరిశోధన 2005లో లాన్సెట్‌లో వచ్చింది, అందులో పిల్లల్లో విరేచనాలు, ఐదేళ్ళ లోపు వాళ్ళల్లో న్యుమోనియా దాదాపు సగానికి సగం తగ్గాయి, మామూలు సబ్బుకీ మందు కలిపిన సబ్బుకీ తేడా కనపడలేదు. సబ్బు లేని రోజుకి సర్ఫ్ కలిపిన నీళ్ళ బాటిల్, మూతకి మేకుతో ఒక చిల్లు, అది కూడా బానే పనిచేస్తుంది, బంగ్లాదేశ్‌లో ఇది బాగా వాడతారు.

కడుపు కాలుతుంటే పాట గుర్తుంటుందా

సబ్బు వచ్చింది, అయినా పిల్లలు కడుక్కోలేదు. ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మొదటి వారం నెట్ సంచిలో సబ్బు ఆడపిల్లలు నలుగురైదుగురికే ఉపయోగపడింది. మిగతా వాళ్ళు బెల్ మోగగానే ఎప్పట్లాగే వేళ్ళు తడుపుకుని పరుగు.

అప్పుడు కొళాయిల దగ్గర వాచీ పెట్టుకుని నిలబడ్డాను. ఆరు కొళాయిలు ఉన్నాయి, నాలుగే పనిచేస్తున్నాయి. నలభై ముగ్గురు పిల్లలు, అంటే నాలుగేసి మంది చొప్పున పదకొండు విడతలు. సబ్బుతో సరిగ్గా రుద్దుకోవాలంటే ఇరవై సెకన్లు, తడుపుకోవడం కడుక్కోవడం కలిపితే నలభై. మొత్తం ఏడెనిమిది నిమిషాలు. ఆఖరి పిల్లాడు ఎనిమిది నిమిషాలు పళ్ళెం పట్టుకుని ఆగాలి, ముక్కుకి సాంబారు వాసన కొడుతుంటుంది, ముందు వెళ్ళినవాడు తింటూ కనిపిస్తుంటాడు. మా పిల్లల్లో చాలామంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు, అమ్మానాన్న ఆరింటికే పనికి పోతారు, రాగిజావ ఇచ్చే రోజుల్లో అదే టిఫిను. అలాంటి పిల్లాడు సబ్బు నురగ చూసుకుంటూ పాట పాడుకోవాలని నేను అనుకోవడం ఎంత అన్యాయం!

బడుల శుభ్రత కోసం కేంద్రం పెట్టిన స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల్లో ఈ సంగతి 2014లోనే రాసి పెట్టారు, పది పన్నెండు మంది ఒకేసారి కడుక్కునే ఏర్పాటు ఉండాలి, మధ్యాహ్న భోజనం వడ్డించకముందే అందరితో కలిపి కడిగించాలి అని. కాగితం మీద ఉంది, నేను చదివాను కూడా, ఎందుకు అలా రాశారో వాచీ పెట్టుకుని చూసే దాకా బుర్రకెక్కలేదు.

మేం చేసింది ఒకటే, బెల్ మార్చాం. లంచ్ బెల్‌కి పది నిమిషాల ముందు చేతుల బెల్. ఒక్కో తరగతి లైనుగా వస్తుంది, కడుక్కుని నేరుగా వరండాలో వాళ్ళ చోట్లో కూర్చుంటారు. అందరూ కూర్చునే దాకా అన్నం గిన్నె మూత తియ్యరు, వంటమ్మకి అదొక్కటే చెప్పాం. వాసన రాకపోతే తొందర ఉండదు. ఇంకో ముఖ్యమైన మార్పు, నేనూ సారూ అదే లైన్లో నిలబడి అదే నెట్ సంచి సబ్బుతో కడుక్కుంటాం, నేను క్యారేజీ తెచ్చుకుని వరండాలోనే తింటాను. మొదటి రోజు ఒకటో తరగతి పిల్ల నా చేతుల వంక చూసి "టీచర్, ఉంగరం కింద కడగలా" అంది. ఉంగరం తీసి కడిగాను. ఆ రోజు నుంచి బడికి ఉంగరం పెట్టుకుని రావట్లేదు.

అడుగుల బొమ్మలు కూడా వేశాం, మిగిలిన పెయింటు డబ్బా సారు వాళ్ళింట్లో ఉంటే తెచ్చారు. టాయిలెట్ నుంచి కొళాయి దాకా పచ్చ పాదాలు. పిల్లలు ఇప్పటికీ వాటి మీద గెంతుకుంటూ వస్తారు.

ఒక్క పాఠం మాత్రం చెప్పాను

పాఠం అక్కర్లేదు అన్నాను గానీ ఒక్కటి చేసి చూపించాను, అది ఎందుకో చెప్తాను. పిల్లలు సబ్బెందుకు, నీళ్ళు చాలుగా అని నిజంగానే అడిగారు, మంచి ప్రశ్న అది. బొగ్గు పొడి కొబ్బరి నూనెలో కలిపి ఇద్దరి చేతులకి రాశాను. ఒకడిని ఉత్త నీళ్ళతో కడుక్కోమన్నాను, ఎంత రుద్దినా గీతల్లో, గోళ్ళ చుట్టూ నల్లగా అలాగే ఉండిపోయింది, నీళ్ళు చెయ్యి మీద ముత్యాల్లా జారిపోతున్నాయి. ఇంకొకడు సబ్బుతో కడిగితే బూడిద రంగు నురగ వచ్చి మొత్తం పోయింది. సబ్బుకి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డుని పట్టుకుంటుంది, మధ్యలో మురికి లేచిపోతుంది అని చెప్పాను. ఎవరి కొళాయి కింద ఎవరి చెయ్యి తెల్లబడిందో కళ్ళతో చూశారు కాబట్టి ఆ మాట నిలబడింది. తర్వాత అందరూ వాళ్ళ గోళ్ళు చూసుకున్నారు. చెప్పకుండానే శనివారం గోళ్ళు తీసుకుని వచ్చిన వాళ్ళు చాలామంది.

మట్టిలో పెరిగిన పిల్లలు, ఏం కాదు

ఊళ్ళో పెద్దవాళ్ళు అనే మాట ఇది, తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన నా ఎదురుగానే అన్నాడు, "మేమంతా మట్టిలో పొర్లి పెరిగినోళ్ళం మేడమ్, మాకేమైంది? పట్నం పిల్లల్లాగా సుకుమారం చెయ్యొద్దు." నేను ఆ మాటని కొట్టిపారెయ్యను. పిల్లలు మట్టిలో ఆడాలి, నేనే ఆడిస్తాను, మట్టంటే భయపడే పిల్లల్ని తయారుచెయ్యాలని నాకు అస్సలు లేదు. కానీ ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలందరికీ ఆల్బెండజోల్ మాత్ర నమిలించేది ఎందుకు మరి? ఆ మట్టిలోంచి గోళ్ళ సందుల్లో దూరి కడుపులోకి పోయే నులిపురుగుల గుడ్ల కోసమే కదా. మాత్ర ఆ రోజు కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, మర్నాడు మధ్యాహ్నం అన్నంతో పాటు లోపలికి పోయే గుడ్లని ఆపదు. మట్టిలో ఆడటానికీ ఆ చేత్తో గుడ్డు ఒలుచుకోవడానికీ మధ్యలో ఒక కొళాయి ఉండాలి, నేను అడిగేది అంతవరకే. మీటింగులో ఆయనకి ఇదే చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు, కానీ తర్వాత పాడైపోయిన రెండు కొళాయిలకి వాషర్లు ఆయనే తెచ్చి వేశాడు, ప్లంబింగ్ పని చేస్తాడు.

టీచర్ల వైపు నుంచి వచ్చే మాట ఇంకోటి ఉంది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే చోట, హాజరు యాప్, భోజనం యాప్, ఇవన్నీ అయ్యాక కొళాయి దగ్గర కూడా కాపలానా అని. సింగిల్ టీచర్ బడిలో పనిచేసే నా ఫ్రెండు ఇదే అడిగింది, "మీరు ఇద్దరున్నారు కాబట్టి చేశావ్, నేనెక్కడ నిలబడను?" అని. నేను చెప్పగలిగింది ఒకటే, ఆ పది నిమిషాలు పాఠం టైము పోయినట్టు లెక్కెయ్యొద్దు, అది కూడా బడి టైమే. ఆమె ఐదో తరగతి పిల్లల్ని పెట్టి చూస్తానంది. ఒకటి మాత్రం ఆమెతో కూడా గట్టిగా చెప్పాను, పెద్దపిల్లలు చిన్నవాళ్ళకి సాయం చెయ్యాలి గానీ కాపలా కాయకూడదు, వాళ్ళ చేతికి బెత్తం ఇస్తే మొత్తం పాడవుతుంది.

సంక్రాంతి సెలవులు అయ్యాక సగం పోయింది. పది రోజులు ఇళ్ళల్లో ఉండి వచ్చారు, బెల్ కొట్టగానే మళ్ళీ వేళ్ళ కొసలు తడపడం. నాకు చాలా బాధేసింది, మూడు నెలల పని. కానీ రెండో రోజుకే సర్దుకున్నారు, అక్టోబర్‌లో లాగా వారాలు పట్టలేదు. వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకు సగమే నిండే రోజుల్లో ఏం చెయ్యాలో ఇప్పటినుంచే చూసుకోవాలి, సర్ఫ్ బాటిళ్ళకి తోడు నీళ్ళు సన్నగా వచ్చేలా మూతకి చిల్లులు పెట్టిన పాత డబ్బాలు నాలుగు దాచి ఉంచాను.

మొన్న సోమవారం మూడో తరగతికి లెక్కలు చెప్తున్నాను, తీసివేతలు, పదులు అప్పు తెచ్చుకోవడం. చేతుల బెల్‌కి ఇంకా పావుగంట ఉంది. ఆ గుడ్డు పిల్లాడు రెండో తరగతి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతిలో ఖాళీ నెట్ సంచి.

"టీచర్, సబ్బు అయిపోయింది. ఇయ్యాల గుడ్డు ఉంది."

బీరువాలోంచి కొత్త సబ్బు తీసి ఇచ్చాను. కాగితం విప్పి, సంచిలో వేసి, మూతి వాడే కట్టుకుని పోయాడు.